కాదయ్య కాపురం

చెరకు నరికేస్తే తోటలో ఎలుక మిగలదు. ఎలుక మిగలకపోతే నక్కల ఇంట్లో పొయ్యి ఎక్కేది గొడవ ఒక్కటే.

ఆ తోటగట్టు బొరియలో సింగారమ్మ అనే నక్క, ఆమె మొగుడు, ముగ్గురు పిల్లలు ఉండేవాళ్లు. మొగుడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. 'కాదు' అనకుండా మాట మొదలుపెట్టడం చేతకాదు గనక అందరూ కాదయ్య అనేవాళ్లు. "కాదయ్య కాదు, కాదయ్యగారు" అని దాన్నీ దిద్దేవాడు.

నక్కకు కూడు పెట్టేది కాళ్లు కాదు, నోరు. సింగారమ్మ అబద్ధం అల్లితే అతుకు కనబడదు. పక్కనే నిలబడి ఆ అతుకులన్నీ వేలుపెట్టి చూపించడం కాదయ్య పని.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ కల్లానికి వెళ్లారు. గడ్డివాము మీద డేగరంగు కోడిపుంజు ఒకడు తన తురాయి చూసుకుని మురుస్తూ కూర్చున్నాడు. పెళ్లి కానివాడు.

"అల్లుడూ! నీకో సంబంధం తెచ్చాను" అంది సింగారమ్మ. "తెల్లటి పెట్ట. కాలువ అవతలి ఊరు. మా ఇంట్లోనే విడిది దిగింది. ఓసారి వచ్చి చూసిపో."

పుంజు ఈకలు సర్దుకుని ఒక కాలు కిందికి దించాడు.

"కాదు, తెల్లది కాదు. చుక్కల పెట్ట" అన్నాడు కాదయ్య.

"చుక్కలదే లెండి" అంది సింగారమ్మ పళ్లు బిగించి.

"కాలువ అవతల కాదే, ఇవతల."

"ఇవతలే. అల్లుడూ, పాపం అది నీకోసం మా ఇంట్లో ఎదురుచూస్తూ ఉంది..."

"ఉంది ఏంటే? ఉండేది అనాలి. పోయిన మంగళవారం తినేశాం కదా! కాదు కాదు, సోమవారం."

పుంజు ఒక్క ఎగురు ఎగిరి వాము కొసకెక్కాడు. "నీ కడుపు చల్లగుండ, మావయ్యా! ఈ లోకంలో నిజం చెప్పేవాడివి నువ్వొక్కడివే. పొద్దున్నే నక్కతోక తొక్కినట్టున్నాను!"

"పొద్దున్నే కాదు, ఇప్పుడు మధ్యాహ్నం" అన్నాడు కాదయ్య.

బొరియలో పిల్లలు పాత ఎముకనే మార్చి మార్చి నాకుతున్నారు. సింగారమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

"నోటికాడి కూడు పడగొట్టారు కదండీ!"

"తప్పు దిద్దాను. నిజం చెప్పడం కూడా నేరమేనా?"

"నేను తానా అంటే మీరు తందానా అనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు."

"మూసుకోవడం కాదు, మూసుకుని ఉండటం అనాలి."

మర్నాడే ఆమె పిల్లల్ని వెంటబెట్టుకుని కాలువరేవులో పెద్దమనిషి తాబేలు దగ్గరికి వెళ్లింది. "తాతా, తెగతెంపులు చేయించు. పుట్టింటికి పోతాను" అంటుంటే ఏడుపొచ్చింది. మొగుడంటే ఇష్టం చావలేదు. పిల్లల ఆకలి అంతకన్నా పెద్దదైంది, అంతే.

"నీ మాటకు ఎప్పుడైనా అవునన్నాడా?" అని అడిగాడు తాబేలు.

"పెళ్లిచూపుల్లో అమ్మాయి నచ్చిందా అంటేనే, 'అమ్మాయి కాదు, పెళ్లికూతురు' అన్నారు తాతా."

"అయితే నువ్వు అబద్ధం చెబితే నిజం చెబుతాడన్నమాట. మరి నువ్వు నిజం చెబితే?"

సింగారమ్మ ఏడుపు టక్కున ఆగింది.

"ముల్లును ముల్లుతోనే తీయాలమ్మా" అని తాబేలు తల లోపలికి లాక్కున్నాడు.

ఆ సాయంత్రమే మళ్లీ కల్లం. మొగుడు పక్కనే.

"అల్లుడూ, ఈసారి ఉన్నమాటే చెబుతున్నాను. నిన్ను తినడానికే వచ్చాం" అంది సింగారమ్మ.

"కాదు! తినడానికేంటి? పలకరించి పోదామని వచ్చాం" అన్నాడు కాదయ్య.

"మూడు రోజులుగా ఇంటిల్లిపాదీ పస్తులు."

"పస్తులా! కాదు. కడుపులో చోటులేక నేను నడవలేకపోతుంటే."

పుంజు మెడ సాచాడు. నిన్న ప్రాణం నిలబెట్టిన మావయ్య! ఆయనకు నిజం మీద ప్రేమ ఉందనుకున్నాడు పిచ్చివాడు. కాదయ్యకు ఉన్నది పెళ్లాం మాట మీద పంతం ఒక్కటే.

"దిగకురా, దిగితే చస్తావు" అంది సింగారమ్మ.

"చావడమేంటి? కాదంటుంటే! దిగవయ్యా, నేను లేనూ?"

"నువ్వు చెప్పాక తిరుగేముంది మావయ్యా" అంటూ పుంజు దిగాడు. నేలమీద కాలు పెట్టాడో లేదో, మెడ సింగారమ్మ నోట్లో ఉంది.

"అదేంటే! వాడికి నేను మాటిచ్చాను" అన్నాడు కాదయ్య బిత్తరపోయి. నోటినిండా మెడతోనే సింగారమ్మ బొరియ దారి పట్టింది.

బొరియలో పిల్లలు ఆవురావురుమని తిన్నారు. వాళ్ల పొట్టలు గుండ్రంగా లేవడం చూసి సింగారమ్మ కడుపు నిండిపోయింది. చివరికి ఒక్క తొడ మిగిలింది. కాదయ్య కళ్లు దానిమీదే ఉన్నాయి.

సింగారమ్మ ఎన్నడూ లేనంత మెత్తగా అడిగింది. "మీకు ఆకలేస్తోంది కదండీ?"

"ఆకలా? నాకా? కాదు. నీకెవరు చెప్పారు?"

"మీ మాట నేనెప్పుడు కాదన్నాను" అని ఆమె తొడ అందుకుంది.

అంతలో కాదయ్య కడుపు గుర్రుమంది. పిల్లలు ఉలిక్కిపడి, "నాన్న కడుపే అమ్మా!" అన్నారు.

"కాదు, ఉరుము" అన్నాడు కాదయ్య.

మర్నాడు రేవులో తాబేలు అడిగాడు. "తెగతెంపులకు ఎప్పుడు కూర్చుందామమ్మా?"

"ఇప్పుడెందుకు తాతా? ఇంత పనికొచ్చే మొగుడు మళ్లీ దొరుకుతాడా?" అంది సింగారమ్మ మూతి తుడుచుకుంటూ.

పెళ్లాం మాటను కాదనడమే పనిగా పెట్టుకున్నవాడు చివరికి తన ఆకలిని కూడా కాదంటాడు.