బొంతగాడు పట్టని గడి

అనగనగా, ఎండాకాలం మంటల్లో సగం కాలిపోయి, అప్పుడప్పుడే చిగుళ్ళు వేస్తున్న ఒక అడవిలో గుబురమ్మ అనే తల్లి ఎలుగుబంటి ఉండేది. మంటలు లేచిన రోజు ఆ పరుగులో ఆమె కొడుకు బొంతగాడు వీపు మీంచి జారిపోయాడు. ఎలుగుపిల్లలు అమ్మ వీపెక్కే తిరుగుతాయి, తెలుసా? అప్పట్నుంచీ గుబురమ్మకు వీపు ఖాళీ. నడుస్తూ నడుస్తూ వెనక్కి చూసుకునేది. ఇప్పపూలు ఏరితే సగం పక్కన పెట్టేది. తినడానికి వాడేడీ?

తప్పిపోయిన పిల్లల్ని ఏటి అవతల చేర్చారు. వాళ్ళ వివరాలు రాసే పని ఏదుపంది ముళ్ళయ్యది. ఒంటినిండా కలాలున్నవాడికి కాక ఇంకెవరికిస్తారు! ఆయన టేకాకుల మీద గళ్ళు గీశాడు. రంగులకో ఆకు, కాళ్ళకో ఆకు, మచ్చలకో ఆకు, ఉండే చోటుకో ఆకు. ఒక్కో పిల్లకి ఒక్కో అంకె. ఆ అంకె పట్టుకుని ఆకులన్నీ కలిపి చూసుకోవాలి. గడికి ఒక్క మాటే రాయాలని ఆయన పట్టుదల.

"తాతా, నా బొంతగాడేడీ?" అంది గుబురమ్మ.

"రంగు?"

"నలుపు."

"కాళ్ళు?"

"నాలుగే."

"మచ్చ?"

"గుండె మీద తెల్ల గీత."

"తొమ్మిదో అంకె. ఏటి ఒడ్డున ఉంది, పో."

గుబురమ్మ పరుగెత్తింది. అక్కడున్నది "మే" అంది. మేకపిల్ల!

మళ్ళీ వచ్చింది. "అయితే పదిహేడు. ఇప్పచెట్టు కింద" అన్నాడు ముళ్ళయ్య.

ఈసారి నిజంగా ఎలుగుపిల్లే. అడుగుల చప్పుడు విని ఆశగా తలెత్తింది. మరుక్షణం దాని మొహం వాడిపోయింది.

"నువ్వు మా అమ్మవి కాదు."

"నువ్వూ మా వాడివి కాదమ్మా" అంది గుబురమ్మ. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

మూడోసారి వచ్చేసరికి ముళ్ళయ్య విసుక్కున్నాడు. "గళ్ళన్నీ సరిపోయాయి కదే! తీసుకుపోరాదూ?"

"సరిపోయాయి. కానీ వాడు కాదు. మా వాణ్ణి ముక్కలు చేసి నాలుగాకుల మీద పెట్టావు తాతా. పొద్దుగూకితే ఏ వీపు కనబడితే ఆ వీపెక్కి, కుడి చెవి పట్టుకుంటేగానీ వాడికి నిద్రపట్టదు. అదెక్కడ రాశావు?"

"అంత మాట గడిలో పట్టదే!"

"గడి పెద్దది గియ్యి మరి."

పుట్టి బుద్ధెరిగాక ముళ్ళయ్య గీత దాటి రాసింది లేదు. గుబురమ్మ కదలకుండా నిలబడింది. చివరికి ఆయన ఒక ముల్లు పీక్కుని, కొత్త ఆకు మీద ఇంత పెద్ద గడి గీశాడు.

"పైన 'ఎలుగుపిల్ల' అని రాస్తున్నా. ఎలుగులకు ఉన్నవన్నీ వీడికీ ఉన్నట్టే, మళ్ళీ మళ్ళీ రాయక్కర్లేదు. ఇక వీడొక్కడికే ఉన్నదేదో చెప్పు."

ఆమె చెప్పింది. ఆయన పైకి చదువుతూ రాశాడు. పక్కనే నెమరేస్తున్న ముసలి అడవిదున్న చెవులు నిక్కబొడుచుకుంది.

"ఏంటీ, కుడి చెవా? వాడి దుంప తెగ! మూడ్రోజులుగా ఓ బూడిదరంగు బుడతడు నా వీపెక్కి చెవి పీకి పాకం పెడుతున్నాడు. దిగరా అంటే ఏడుపు!"

ముళ్ళయ్య రంగుల ఆకు తిరగేశాడు. ఇరవైమూడు: బూడిద. ఆయన తల దించుకున్నాడు. "వచ్చిన రోజు బూడిదలో పొర్లి ఉన్నాడమ్మా. నేను కంటికి కనబడిందే రాశాను."

పొద్దు వాలుతోంది. గుబురమ్మ దున్న పడుకునే చోటుకి వెళ్ళి నేలకి వంగింది. పొద మాటునుంచి ఏదో గునగునా వచ్చింది. మొహమైనా చూడకుండా వీపెక్కింది. కుడి చెవి పట్టుకుంది.

"అమ్మా" అన్నాడు బొంతగాడు.

"ఎంత తేలికైపోయావురా నాన్నా" అని గుబురమ్మ బావురుమంది.

తిరుగుదారిలో ఆమె ఇప్పచెట్టు దగ్గర ఆగింది. ఆ పిల్ల ఇంకా దారివైపే చూస్తోంది.

"రేపు ముళ్ళయ్య తాతతో నీకూ పెద్ద గడి గీయిస్తా. మీ అమ్మ దొరికేదాకా ఎక్కు తల్లీ. నా ఎడమ చెవి ఖాళీగానే ఉంది."

నీతి: రంగూ కాళ్ళూ రాసుకుంటే ఆకు నిండుతుంది, తీరు తెలుసుకుంటేనే బిడ్డ దొరుకుతుంది.