ఎముకలు కట్టే ఓబులమ్మ

మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. మా అవ్వ నాకు చెప్పింది. నేను మీకు చెబుతున్నాను.

అనగా అనగా, ఎప్పుడో అనగా, ఎద్దులవంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో రెండు వీధులు. తూర్పు వీధిలో నరసింహస్వామి గుడి, పడమటి వీధిలో వీరభద్రుడి గుడి. తూర్పు వీధివాళ్ళు నామం పెట్టేవాళ్ళు. పడమటి వీధివాళ్ళు విభూతి పూసుకునేవాళ్ళు. రెండు వీధులకూ నడుమ ఒక సందు ఉండేది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక మనిషి వస్తుంటే, ఎదురొచ్చే మనిషి గోడకు ఆనుకుని నిలబడాలి. అంత ఇరుకు.

తూర్పు వీధి చివరి ఇంట్లో ఓబులమ్మ ఉండేది. పెళ్ళైన రెండో ఏడే మొగుడు పోయాడు. తమ్ముడు చెన్నప్ప ఒక్కడే ఆమెకు దిక్కు. చెయ్యి విరిగినా, కాలు విరిగినా, కీలు తప్పినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ముందు విరిగినచోట వేళ్ళతో తడిమేది. ఒక మనిషిని పట్టుకుని లాగమనేది. లాగుతుంటే తాను ఎముకను కూర్చేది. మినపపిండిలో గుడ్డు సొన కలిపి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో చుట్టేది. నలభై రోజులకు కట్టు విప్పేది. మనిషి లేచి మడికి పోయేవాడు.

ఆమెకు ఇంకో పని కూడా ఉండేది. ఉత్సవం నాడు నరసింహస్వామి పల్లకీ ముందు గొడుగు పట్టడం. వాళ్ళ నాయన పట్టిన గొడుగు అది. నాయన తర్వాత ఆమె చేతికి వచ్చింది. ఏడాదిలో ఆ ఒక్క రోజు కోసం ఓబులమ్మ మిగిలిన రోజులన్నీ గడిపేది. ఆ రోజు తెల్లవారకముందే తల స్నానం చేసి, పసుపు చీర కట్టి, గొడుగు పట్టుకుని నడుస్తుంటే, నేల మీద కాలు ఆనినట్టే ఉండేది కాదట.

ముందైతే రెండు గుళ్ళ ఉత్సవాలూ వేరు వేరు రోజుల్లో జరిగేవి. మా సామి ఉత్సవం ముందు కావాలంటే మా సామి ఉత్సవం ముందు కావాలని, ఒక్కో రోజూ ముందుకు జరుపుకుంటూ జరుపుకుంటూ వచ్చి ఇద్దరూ ఒకే రోజు దగ్గర ఆగారు. ఒకే రోజు అయ్యేసరికి ఒకే సందు అయింది. ఆ పల్లకీ ఇటు రావాలి, ఈ పల్లకీ అటు పోవాలి. ఎవరు గోడకు ఆనుకుని నిలబడాలి?

మొదటి ఏడాది సందులో ఏడు చేతులు విరిగాయి. ఓబులమ్మ కట్టు కట్టింది.

రెండో ఏడాది పదకొండు చేతులు, మూడు కాళ్ళు విరిగాయి. ఓబులమ్మ కట్టు కట్టింది.

మూడో ఏడు పడమటి వీధి కుమ్మరి లింగప్ప కుడిచెయ్యి విరిగింది. మోచేతికి కింద రెండు ముక్కలైంది. కొట్టింది ఎవరో కాదు, ఓబులమ్మ తమ్ముడు చెన్నప్పే.

ఓబులమ్మ గొడుగు గుళ్ళో పెట్టి, బద్దలూ గుడ్డలూ తీసుకుని లింగప్ప ఇంటికి పోయింది. వాకిట్లో సగం చేసిన కుండ సారె మీదే ఎండుతూ ఉంది. లింగప్ప పెళ్ళాం గోడ దగ్గర కూర్చుని ఏడుస్తూ ఉంది. మగవాళ్ళంతా ఇంకా సందులోనే ఉన్నారు.

"ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగాలమ్మా," అంది ఓబులమ్మ. "నువ్వు పట్టుకుంటావా?"

"నా వల్ల కాదక్కా. చూస్తేనే కళ్ళు తిరుగుతున్నాయి."

ఓబులమ్మ బయటికొచ్చి చూసింది. సందు మొదట్లో చెన్నప్ప కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పోయి వాడి రెట్ట పట్టుకుంది.

"రారా."

"యాడికి?"

"నువ్వు విరిచిన చెయ్యి కాడికి."

చెన్నప్ప రానన్నాడు. ఆమె రెట్ట వదల్లేదు. లింగప్ప ముందు కూర్చోబెట్టి, ఆ మణికట్టు వాడి చేతికిచ్చింది. "లాగు. నేను చాలనేదాకా వదలొద్దు," అంది.

చెన్నప్ప లాగాడు. లోపల ఎముక ఎముకకు రాసుకోవడం వాడి చేతికి తెలిసింది. లింగప్ప అరవలేదు. పళ్ళు బిగబట్టి చెన్నప్ప మొహంలోకే చూస్తూ ఉన్నాడు. కట్టు కట్టడం అయిపోయాక చెన్నప్ప వాకిట్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. కర్ర అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. మళ్ళీ ఆ కర్ర కోసం వెళ్ళలేదు.

మర్నాడు గుడి పెద్ద తిరువెంగళప్ప ఓబులమ్మను పిలిపించాడు. ఆయన మాట తూర్పు వీధికంతా మాట. గుడి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ వీధి అంతా ఉంది.

"ఓబులమ్మా, నువ్వు మన సామికి గొడుగు పట్టేదానివి. వాళ్ళ వీధిలోకి పోయి కట్టు కడతావా? తమ్ముణ్ణి కూడా లాక్కుపోతావా?"

"చెయ్యి విరిగింది పెద్దయ్యా. పోయినాను."

"నువ్వు కట్టిన ఆ చెయ్యే వచ్చే ఏడు మన మీదికి లేస్తుంది. తెలుసునా?"

"లేస్తే లేస్తుంది. చేతికి నేను కట్టు కడతాను గానీ, దానికి బుద్ధి కట్టలేను గదా."

ఎవరో నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెమ్మన్నాడు. "పడమటి వీధి గడప తొక్కనని దీని మీద ఒట్టెయ్యి. వేస్తే గొడుగు నీది. లేకపోతే లేదు."

ఓబులమ్మ కర్పూరం వైపు చూసింది. లోపల సామి వైపు చూసింది. కర్పూరం అయిపోవచ్చింది.

"పెద్దయ్యా, నేను సామికి గొడుగు పట్టినాను. వీధికి పట్టలేదు," అంది. "మన గుళ్ళోకి రావాలంటే వాళ్ళ గడప తొక్కకూడదనేటట్టయితే, నేను గుళ్ళోకే రాను."

సామికి దండం పెట్టి ఇంటికి పోయింది. ఆమె పోతూ ఏడ్చిందని కొందరు అంటారు. ఏడవలేదని కొందరు అంటారు. ఏడ్చే ఉంటుందని మా అవ్వ అనేది.

ఆ సంగతి పడమటి వీధికి తెలిసింది. వాళ్ళు తాళాలు మోగించుకుంటూ ఆమె ఇంటికొచ్చారు. "రా ఓబులమ్మా, మా గుడికి రా. విభూతి పెట్టుకో. వీరభద్రుడికి గొడుగు పట్టుదువుగానీ, వెండి పిడి గొడుగు," అన్నారు.

"తూర్పు వీధిలో చెయ్యి విరిగితే నన్ను పోనిస్తారా?" అని అడిగింది.

"అదెట్లా కుదురుతుంది?" అన్నారు వాళ్ళు.

"అయితే నేను రాను," అంది.

కొన్నాళ్ళకు ఒక సన్యాసి ఆ ఊరి మీదుగా పోతూ ఆమె కథ విన్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని, "తల్లీ, నీలాంటివాళ్ళు ఊరూరా ఉన్నారు. రెండు గుళ్ళూ వదిలినవాళ్ళందరికీ ఒక మఠం పెడదాం. నీ పేరే పెడదాం. మెడలో వేసుకోవడానికి ఒక గుర్తు, చెప్పుకోవడానికి ఒక మంత్రం నేనిస్తాను," అన్నాడు.

"మనకూ ఒక పల్లకీ ఉంటుందా సామీ?"

"ఉండకుండా ఎట్లా?"

"ఆ సందులో రెండు పల్లకీలకే చోటు లేదు," అంది ఓబులమ్మ. ఆయనకు మజ్జిగ ఇచ్చి సాగనంపింది. అట్లా మూడోసారి కూడా రానంది.

తూర్పు వీధివాళ్ళు ఆమెను బావి దగ్గరికి రానివ్వలేదు. పడమటి వీధివాళ్ళు తమ మాట తోసేసిందని ముఖం తిప్పుకున్నారు. ఓబులమ్మ ఊరు దాటి, ఊరి పక్కన పారే వంక అవతల గుడిసె వేసుకుంది. వంక ఎండితే చెన్నప్ప ఊళ్ళోంచి పట్టపగలే కడవ నెత్తిన పెట్టుకుని నీళ్ళు తెచ్చిచ్చేవాడు. ఎవరైనా అడిగితే "మా అక్కకు" అనేవాడు.

మరుసటి ఏడు ఉత్సవం వచ్చింది. వంక అవతలికి తప్పెట వినిపించింది. ఓబులమ్మ గుడిసె ముందు నిలబడింది. కుడిచేతి పిడికిలి గొడుగు పిడిని పట్టుకున్నట్టు ముడుచుకుని ఉంది. అది చూసుకుని చెయ్యి కొంగులో దాచుకుంది. ఆ తర్వాత తప్పెట ఆగిపోయింది. అరుపులు వినిపించాయి. ఆమె లోపలికి పోయి మినుములు తిరగలిలో పోసింది.

మధ్యాహ్నానికి పదిహేడు మంది వంక దాటి వచ్చారు. రెండు వీధులవాళ్ళూ ఉన్నారు. గుడిసె ముందు ఈ పక్క కొందరు, ఆ పక్క కొందరు కూర్చున్నారు.

ఓబులమ్మ గడపలో నిలబడి చెప్పింది. "కట్టు కడతాను. కానీ నాకు లాగే మనిషి కావాలి. కొట్టినవాడే వచ్చి పట్టాలి."

"ఆ తోపులాటలో ఎవరు కొట్టారో ఎవరికి తెలుసు?" అన్నారు.

"తెలియకపోతే ఆ వీధి మనిషిని ఎవరినైనా పిల్చుకోండి. అవతలివాడు పట్టాలి. అంతే."

కొందరు తిట్టారు. కొందరు లేచి వెళ్ళిపోయారు. వంక దాకా పోయి, నొప్పికి తాళలేక వెనక్కి వచ్చారు. పొద్దు వాలేసరికి ఒక తూర్పు వీధివాడు ఒక పడమటి వీధివాడి కాలు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత ఇంకొకడు. పట్టుకున్న ప్రతివాడికీ లోపల ఎముక కదలడం చేతికి తెలిసింది. పదహారు కట్లు అయ్యాయి.

పదిహేడోది తిరువెంగళప్ప తొడ. ఆయన్ను మంచం మీద మోసుకొచ్చారు. కొట్టింది కుమ్మరి లింగప్ప. ఓబులమ్మ కట్టిన కుడిచేత్తోనే కొట్టాడు.

"చూసినావా," అన్నాడు పెద్దయ్య. "నేను చెప్పినానా లేదా?"

"చెప్పినారు పెద్దయ్యా. మీరన్నట్టే అయింది."

"వాడు నన్ను తాకడానికి లేదు."

మంచం వెనక్కి పోయింది. ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. తొడ వాచి కుండలా అయిందని చెన్నప్ప వచ్చి చెప్పాడు. మూడో రోజు పొద్దున ఓబులమ్మ తింటున్న ముద్ద పక్కన పెట్టి లేచింది. బద్దలు తీసుకుని, ఏడాది తర్వాత తూర్పు వీధికి పోయింది. దారిలో లింగప్ప ఇంటి ముందు ఆగింది. లింగప్ప సారె తిప్పడం ఆపి ఆమెను చూశాడు. చేతులు కడుక్కుని, తల వంచుకుని ఆమె వెనక నడిచాడు.

తిరువెంగళప్ప వాళ్ళిద్దరినీ చూసి గోడ వైపు తిరిగాడు. పట్టుకోమనలేదు. వద్దనీ అనలేదు. లింగప్ప పట్టి లాగాడు. లాగుతుంటే ఇద్దరి కళ్ళల్లోంచీ నీళ్ళు కారాయి. ఓబులమ్మ ఎముక కూర్చింది.

ఎముక అతికింది గానీ కాలు పొట్టిదైపోయింది. మూడు రోజులు ఆలస్యమైంది మరి. పెద్దయ్య బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. ఆయన కుంటడం కనబడినప్పుడల్లా ఓబులమ్మ, "నేను మొదటి రోజే పోయి ఉండాల్సింది. ఆ కాలు పాడు చేసింది సగం ఆయన పంతం, సగం నా పంతం," అనేది. ఆ తర్వాత తన నియమం వదల్లేదు గానీ, ఎవరినీ పొద్దు వాలేదాకా ఆగనివ్వలేదు. అవతలివాడు రాకపోతే తానే పోయి చెయ్యి పట్టుకుని పిల్చుకొచ్చేది.

ఒకసారి పెద్దయ్య చెన్నప్పతో కబురు పంపాడు, గొడుగు వచ్చి పట్టుకోమని.

"ఒట్టు సంగతి ఏమన్నాడు?" అని అడిగింది ఓబులమ్మ.

"దాని మాట ఎత్తలేదు."

"సామి బాగున్నాడా?" అంది.

"బాగున్నాడు."

"చాలులే. గొడుగు ఎవరికైనా ఇమ్మను." ఆమె మళ్ళీ ఏ గుళ్ళోకీ పోలేదు. ఎవరినీ పోవద్దనీ అనలేదు.

సందులో పల్లకీలు ఎదురుపడటం ఆగలేదు. తోసుకోవడమూ ఆగలేదు. కానీ కర్ర ఎత్తేవాడికి, రేపు ఆ చెయ్యి తానే పట్టుకుని లాగాలని గుర్తొచ్చేది. పదిహేడు పదయ్యాయి. పది మూడయ్యాయి. ఒక ఏడాది వెదురు బద్దలు వాడకుండా మూలన పడి ఉన్నాయి. ఆ ఏడే ఓబులమ్మ పోయింది.

ఆమెది ఏ గుడీ కాదు కాబట్టి ఏ గుడి అయ్యవారూ రాలేదు. పాడె ఎవరు మోస్తారా అని చెన్నప్ప గుడిసె ముందు కూర్చుని ఉంటే, వంక దాటి మనుషులు వచ్చారు. ఆమె చేతి కట్టు ఎరిగినవాళ్ళే అందరూ. తూర్పు వీధివాళ్ళు ఇద్దరు, పడమటి వీధివాళ్ళు ఇద్దరు పాడె ఎత్తారు. ఆ నలుగురిలో లింగప్ప ఒకడు. దారిలో గోవిందా అనాలా, హరహరా అనాలా ఎవరికీ తెలియలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేకుండా ఊరికి అవతలున్న వల్లకాటికి సందులోంచి పోయారు. తిరువెంగళప్ప కుంటుకుంటూ వెనకాలే నడిచాడు. పల్లకీలు రెండూ దాటలేని ఆ సందులో ఆ రోజు అందరూ గోడలకు ఆనుకుని నిలబడ్డారు.

ఆమెకు గుడి కట్టాలని మూడుసార్లు అనుకున్నారట. ఏ వీధిలో కట్టాలో మూడుసార్లూ తేలలేదు. ఆ తర్వాత చెన్నప్పే, "మా అక్క ఉంటే ఒప్పుకునేది కాదప్పా," అని ఆ మాట మాన్పించాడు.

గుడి లేదు గానీ ఆమె మాట ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇద్దరు తగాదా పడితే పెద్దలు ఇప్పటికీ, "కొట్టినవాడే పట్టాలి," అంటారు. అక్కడ పాడె వెళ్ళేటప్పుడు సందు దాటేదాకా ఎవరూ నోరు విప్పరు.

ఇంకొకటి కూడా ఉంది. ఇప్పుడు ఎముక విరిగితే పట్నం ఆసుపత్రికి పోతారు. అక్కడ పిండికట్టు వేస్తారు, లాగడానికి ఊరి మనిషి అక్కర్లేదు. అయినా తూర్పు వీధిలో ఎవరికి చెయ్యి విరిగినా పడమటి వీధి నుంచి ఒక మనిషి బస్సెక్కుతాడు. పడమటి వీధిలో విరిగితే తూర్పు వీధి నుంచి ఎక్కుతాడు. ఆసుపత్రిలో నర్సమ్మ, "నువ్వు ఈయనకు ఏమవుతావు?" అని అడుగుతుంది.

"ఏమీ కానమ్మా," అంటాడు. "పట్టుకోవడానికి వచ్చినాను."