పేరు లేని నెల

వాడికొచ్చిన కష్టమేటంటే నాన్నా, తల్లి చచ్చిపోయింది. ఏడాది తిరిగింది. తద్దినం పెడదామంటే ఆ రోజు లేదు.

చైనా దేశంలో కొండమీద ఒక మఠం. అందులో శిష్యుడు వాడు, పేరు లిన్. నాను కలకత్తా తోళ్ళ కార్ఖానాలో ఉన్నప్పుడు నా పక్కన పనిచేసే చైనా ముసలాయన చెప్పినాడు ఈ కథ. మీ పిన్ని పోయిన కాణ్ణుంచి ఇదే మనసులో తిరుగుతంది. ఓపిక లేదు గానీ చెప్తాను. వినపడతందా?

మనకి ప్రభవ, విభవ అని అరవై ఏళ్ళకి పేర్లు లేవూ? వాళ్ళకీ అరవయ్యే. ఎలక, ఎద్దు, పులి, కుందేలు, అలా పన్నెండు జంతువులు. వాటి ముందు కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు తగిలిస్తారు. నిప్పు కుందేలు ఏడాది వెళ్తే మట్టి డ్రాగన్ ఏడాది. మన అమావాస్యే వాళ్ళకి నెలలో మొదటి రోజు. తొలి ఒకటి, తొలి రెండు, అలా పది దాకా పిలుస్తారు. అధికమాసమూ ఉంది. దానికి సొంత పేరుండదు. ఆరో నెల తర్వాత వస్తే అధిక ఆరో నెల, అంతే.

లిన్ తల్లి పోయింది నిప్పు కుందేలు ఏట, అధిక ఆరో నెల, తొలి తొమ్మిదిన.

మరుసటేడు అధికమాసమే లేదు. పంచాంగాలన్నీ తిరగేసినాడు. అధిక ఆరో నెల మళ్ళీ వచ్చేసరికి తనే ముసలాడైపోతాడు.

"మామూలు ఆరో నెలలో పెట్టీరా, అందరూ చేసేదదే" అన్నారు తోటోళ్ళు.

"మా అమ్మ పోయింది ఆ నెలలో కాదు."

ఆరో నెల వెళ్ళిపోయింది. తల్లి పేరు చెక్కిన పలక ముందు మెతుకు పెట్టలేదు. నిద్దర లేదు. గురువు దగ్గరకెళ్ళి కూలబడ్డాడు.

"గురువుగారూ, మా అమ్మ ఆకలితో ఉంటాది."

గురువు మోకాళ్ళు రాసుకుంటన్నాడు. "పంచాంగం సరిగ్గా చూసినావా?"

"చూసినానండి. తప్పు లేదు."

"సరే" అన్నాడు.

మధ్యాహ్నం అందరూ తిండికి కూర్చున్నారు. ఆ పూట గురువే గరిటె పట్టుకున్నాడు. లిన్ దగ్గరకొచ్చి వాడి గిన్నె తీసి బోర్లించినాడు.

"నీకు అధిక ఆరో నెలలో వడ్డిస్తాను."

పక్కోడు కిసుక్కుమన్నాడు. "అప్పటికి నీకు పళ్ళుండవురా. మెత్తగా ఉడికించమని చెప్పుకో."

సాయంత్రమూ గిన్నె బోర్లే. తెల్లారి గంజి వేళకీ అంతే. లిన్ కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు.

"గురువుగారూ, కడుపు కాలిపోతంది."

"ఇంకా ఆ నెల రాలేదు కదా."

"ఆకలి అప్పటిదాకా ఆగుతాదా అండీ..."

అనేసి, నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయినాడు.

గురువు గిన్నె తిరగేసి, నిండా గంజి పోసి, రెండు చేతులతో అందించినాడు.

లిన్ తాగలేదు. గిన్నె పట్టుకుని, తల్లి పలక ఉన్న గదివైపు నడిచినాడు. తోటోళ్ళు అడ్డంగా లేచినారు.

"ఇవాళ ఏ రోజని పెడతన్నావురా?"

వెనకాల నుంచి గురువు గొంతు వినపడింది.

"చల్లారిపోద్ది. దారియ్యండి."