తాడు పట్టిన ఎలుగు

అనగా అనగా, మరిచిపోతే మళ్ళీ జరిగే కాలంలో, నల్లకొండ అనే ఒక కొండ ఉండేది. కొండకు ఒకవైపు అడవి. ఇంకోవైపు గోడలా నిలువుగా దిగిన బండ. ఆ బండ నిండా తేనెపట్లు. కింద నిలబడి తలెత్తి చూస్తే చేటలు వేలాడదీసినట్టు ఉండేవి.

కొండ మీద ఇరవై గుడిసెల గూడెం. గూడెంవాళ్ళ పని తేనె తీయడం. నారతాడు నడుముకు కట్టుకుని, బండ అంచు నుంచి కిందికి దిగి, పొగ పెట్టి పట్టు కోస్తారు. పైన ఒకరు కూర్చుని తాడు పట్టుకుంటారు.

ఆ తాడు ఎవరంటే వాళ్ళు పట్టకూడదు. బావమరిదే పట్టాలి. ఎందుకో తెలుసా? తాడు వదిలితే తన తోడబుట్టినదాని బొట్టే చెరిగిపోతుంది. అందుకని అరచేతులు ఒరుసుకుపోయినా వదలడు. "నీ తాడు పట్టినవాడు నీవాడు" అనేది ఆ గూడెం మాట. తాడు కొస పట్టుకుని ఎవరైనా ఒక మాట ఇచ్చారంటే, ఇక దాన్ని ఎవరూ శంకించరు. శంకించడం అక్కడ పాపం.

ఆ గూడెంలో బయ్యమ్మ అనే ఆమె ఉండేది. మొగుడు జ్వరంతో పోయాడు. తోడబుట్టినవాళ్ళు లేరు.

"నీ తాడు పట్టేవాడు లేడు. దుంపలు తవ్వుకుని బతుకు," అన్నారు పెద్దలు.

"ఎందుకు లేడూ?" అంది బయ్యమ్మ. అడవివైపు తిరిగి, "పెద్దోడా!" అని కేకేసింది.

చెట్లు ఊగాయి. ఎలుగు వచ్చింది.

అది మీరూ నేనూ చూసే ఎలుగు కాదు. నాలుగు కాళ్ళ మీద నిలబడితే వీపు గుడిసె కప్పును మించేది. రెండు కాళ్ళ మీద లేస్తే తాటిమట్టలు అందేవి. గోళ్ళు కొడవళ్ళంత. తల్లి పోయి, రాళ్ళ సందులో ఇరుక్కుని ఏడుస్తుంటే, బయ్యమ్మ ఒడిలో వేసుకుని పెంచిన పిల్ల అది. అంత ఎందుకు పెరిగాడని అడిగితే, "తిండి పెట్టాను, పెరిగాడు," అనేది.

పెద్దోడు తాడును నడుము చుట్టూ ఒక చుట్టు తిప్పుకుని, బండ అంచున కూలబడ్డాడు. బయ్యమ్మ దిగింది. గూడెమంతా అంచు దగ్గరికి చేరింది. కాసేపటికి ఆమె సొరబుర్ర నిండా తేనెతో పైకి వచ్చింది.

"నా బావమరిది కంటే మెత్తగా దింపాడురా వీడు!" అన్నాడు ఒక ముసలాయన.

"నీ బరువు చూసుకుని మాట్లాడు బావా," అన్నాడు ఆయన బావమరిది.

అందరూ నవ్వారు. ఆ నాటి నుంచి పెద్దోడు గూడెంలో ఒకడు.

కొండ కింద కనకావతి అనే నగరం ఉండేది. దాని రాజు రత్నకేతుడు. యుద్ధాలు లేవు, కరువు లేదు, చెయ్యడానికి పనీ లేదు. పనిలేని రాజుకు పొద్దు పోవాలంటే ఎవరో ఒకరి ప్రాణం మీదికి రావాలి. మణిగుప్తుడు అనే వర్తకుడు ఒకడు వచ్చి, కొండ మీద కొండంత ఎలుగు ఉందని చెప్పాడు.

"నా కోటలో ఆడించు," అన్నాడు రాజు.

మొదట వందమంది భటులు వలలతో వెళ్ళారు. పెద్దోడు వలలను సాలెగూడులా చింపి పోగు పెట్టాడు. రెండోసారి ఏనుగు పట్టేంత గొయ్యి తవ్వి, ఆకులు కప్పారు. గోతిలో దళపతే పడ్డాడు. పెద్దోడు వంగి చూసి, జాలిపడి, మెడపట్టి పైకి తీసి పక్కన పెట్టాడు. దళపతి ఆ పరుగు నగరం దాకా ఆపలేదు.

మూడోసారి వలలూ లేవు, గోతులూ లేవు. మణిగుప్తుడు ఒక్కడే వచ్చాడు. బయ్యమ్మ గుడిసె ముందు కూర్చున్నాడు. ఆమె పెట్టిన గంజి తాగాడు.

"చెల్లీ, రాజు మొండివాడు. ఈసారి అడవికి నిప్పు పెట్టిస్తాడు. ఒక్క పూట నీ ఎలుగును తీసుకొచ్చి చూపించు. చూసి పంపేస్తాడు. ఆపైన ఏ భటుడూ ఈ కొండ ఎక్కడు," అన్నాడు.

బయ్యమ్మ తల అడ్డంగా ఊపింది. వర్తకుడు అటూ ఇటూ చూశాడు. వాడు గూడెం మర్యాద అడిగి తెలుసుకునే వచ్చాడు. గోడకు వేలాడుతున్న నారతాడు కొస పట్టుకున్నాడు.

"తాడు పట్టి చెబుతున్నాను చెల్లీ. నా మాట నమ్ము."

ఇంకేముంది? తాడు పట్టినవాణ్ణి ఆమె ఎలా శంకిస్తుంది? మర్నాటి పొద్దున పెద్దోడి మెడ మీద చెయ్యి వేసి, తన చేతులతో తానే నగరానికి నడిపించుకు వెళ్ళింది.

కోట తలుపులు దాటగానే ఇనపగొలుసులు పడ్డాయి. నాలుగు కాళ్ళకు నాలుగు, మెడకు ఒకటి. బయ్యమ్మ చెయ్యి ఇంకా వాడి మెడ మీదే ఉంది. వాడు తిరగబడలేదు. బయ్యమ్మ ముఖంలోకి చూశాడు, అంతే.

మొదటి రోజు గజ్జెలు కట్టి ఆడించారు. జనం విరగబడి నవ్వారు. బయ్యమ్మ వర్తకుడి దగ్గరికి పరుగెత్తింది. "అన్నా, ఒక పూట అన్నావు!"

"రాజుగారి పూట మన పూట ఒకటేనా చెల్లీ?"

రెండో రోజు వేటకుక్కల్ని వదిలారు. జనం కేరింతలు కొట్టారు. పిల్లల్ని భుజాలకెక్కించుకుని మరీ చూపించారు. "అన్నా, తాడు పట్టావు గదా!" అంది బయ్యమ్మ.

"పట్టాను. చెయ్యి గరుకెక్కింది. ఆ తర్వాత కడుక్కున్నాను," అన్నాడు వాడు.

మూడో రోజు, మేడమీద కూర్చున్న ఒక పెద్దింటి మనిషి పొద్దుపోక వడిసెలతో రాయి విసిరాడు. పెద్దోడి ఎడమ కన్ను పోయింది.

అప్పుడు గర్జించాడు. మూడు రోజులకు మొదటిసారి. ఒక్క ఊపుతో ఒక గొలుసు తెంచాడు. ఆ ఊపుకు రాజు కూర్చున్న మంచె కూలింది. రాజు కిరీటం ఒకచోట, తాను ఒకచోట పడ్డాడు.

"ఇది క్రూరమృగం! చంపండి!" అని అరిచాడు. కన్ను పోగొట్టినవాడు క్రూరుడు కాడట, కన్ను పోయినవాడు క్రూరుడట! రాజుల న్యాయం అలాగే ఉంటుంది.

బల్లేలు లేచాయి. బయ్యమ్మ వాటికీ పెద్దోడికీ మధ్య నిలబడింది. ఏడవలేదు.

"మహారాజా, వీడు క్రూరమృగం, నమ్మదగినవాడు కాడంటున్నావు. పరీక్ష పెట్టు. మీ కోటగోడ కింద లోతైన అగడ్త ఉంది, మొసళ్ళున్నాయి. నన్ను ఆ గోడ మీది నుంచి దించు. తాడు వీడు పడతాడు. వదిలాడా, నేనూ పోతాను, ఆపైన వీణ్ణీ చంపుకో. పట్టుకున్నాడా, మేం వెళ్ళిపోతాం."

రాజు కళ్ళు మెరిశాయి. వాడికి అదీ ఒక వేడుకే. "సరే," అన్నాడు.

నారతాడు కట్టారు. పెద్దోడు ఒక చుట్టు తిప్పుకుని కూర్చున్నాడు. ఎడమ కంటి నుంచి రక్తం కారుతూనే ఉంది. బయ్యమ్మ గోడ దాటి దిగింది. కింద మొసళ్ళు నోళ్ళు తెరిచాయి.

రాజు ఒక బాన నిండా తేనె తెప్పించి ఎలుగు ముందు పెట్టించాడు. మూడు రోజులుగా పిడికెడు తిండి పెట్టని నోరది. పెద్దోడి ముక్కు అదిరింది. చేతులు కదలలేదు.

రాజు గొలుసులన్నీ విప్పించి, కోట తలుపులు బార్లా తెరిపించాడు. ఎదురుగా నల్లకొండ, పచ్చటి అడవి. ఒక్క దూకు దూకితే చాలు. పెద్దోడు అటు చూశాడు. చేతులు కదలలేదు.

రాజు కాగడా తెప్పించి, వీపుకు ఆనించమన్నాడు. వెంట్రుకలు కాలిన వాసన గోడంతా కమ్మింది. పెద్దోడు మూలిగాడు. తాడు ఇంకో చుట్టు బిగించి, చెయ్యి మీద చెయ్యి మారుస్తూ, మెల్లగా, తేనెబండ మీద లాగినట్టే, బయ్యమ్మను పైకి లాగాడు.

జనం చూడ్డానికి ముందుకు తోసుకొచ్చారు.

బయ్యమ్మ రాజుకు దండం పెట్టలేదు. నడుము నుంచి తాడు విప్పి మణిగుప్తుడి ముందు విసిరింది.

"అన్నా, నీ వంతు. మనిషివి గదా. నీ తాడు పట్టడానికి మనిషిని పిలుచుకో."

ఇది రాజుకు ఇంకా నచ్చింది. "పిలుచుకో మణిగుప్తా!" అని తొడ కొట్టాడు.

వర్తకుడు తన వ్యాపార భాగస్వామిని పిలిచాడు.

"నిన్నటి నుంచి నడుం పట్టేసిందయ్యా," అన్నాడు భాగస్వామి.

అల్లుణ్ణి పిలిచాడు.

"మామగారూ, పిల్లనిచ్చారు, పుచ్చుకున్నాను. తాడు మాత్రం వద్దు," అన్నాడు అల్లుడు.

చివరికి బావమరిదిని పిలిచాడు. అతను ముందుకు వచ్చి తన అరచేతులు చూపించాడు.

"నీ ఇంటి తలుపు తట్టీ తట్టీ ఇవి ఎప్పుడో అరిగిపోయాయి బావా. ఒక్కసారైనా తీశావా?"

మణిగుప్తుడు బయ్యమ్మ కాళ్ళ మీద పడ్డాడు. "అబద్ధమాడాను! తాడు పట్టి అబద్ధమాడాను!" అని నెత్తి బాదుకున్నాడు. రాజు కడుపు పట్టుకుని నవ్వాడు.

"నువ్వు నవ్వుతున్నావా?" అంది బయ్యమ్మ. "నీ తాడు ఎవరు పడతారు మహారాజా?"

రాజు నవ్వుతూనే వెనక్కి తిరిగాడు. మంత్రి తన ఉంగరం తుడుచుకుంటున్నాడు. దళపతి తన చెప్పులు చూసుకుంటున్నాడు. రాజు తర్వాత గద్దె ఎక్కాల్సిన తమ్ముడు మాత్రం చెయ్యి చాచాడు. చాలా తొందరగా చాచాడు.

రాజు నవ్వు ఆగిపోయింది. ఆ చాచిన చెయ్యి చూసి, గోడ అంచు నుంచి వెనక్కి జరిగాడు. తర్వాత, పక్కవాళ్ళకు మాత్రమే వినిపించేంత చిన్న గొంతుతో, "వాళ్ళను పోనివ్వండి," అన్నాడు.

బయ్యమ్మ పెద్దోడి మెడ మీద చెయ్యి వేసి వీధిలోకి నడిచింది. రెండువైపులా జనం. నిన్న కేరింతలు కొట్టినవాళ్ళే. ఇప్పుడు మంచివాళ్ళైపోయి, కళ్ళు తుడుచుకుంటూ, మెచ్చుకోలుగా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పుడు వినగానే పెద్దోడు ఆగాడు. రక్తం కారుతూ, వీపు కాలి, రెండు కాళ్ళ మీద లేచి ఆడటం మొదలుపెట్టాడు. చప్పట్లు వినగానే లేవకపోతే ఎర్రగా కాల్చిన కడ్డీ పెట్టేవాళ్ళు. మూడు రోజుల్లో వాడికి మనుషులు నేర్పిన విద్య అదొక్కటే.

"ఆపండి!" అని బయ్యమ్మ అరిచిన అరుపుకు వీధి వీధంతా కొయ్యబారిపోయింది. లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి. ఒకామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇవ్వబోయింది. "నిన్న ఎక్కడున్నావమ్మా?" అని అడిగి, బయ్యమ్మ ఆ నీళ్ళు ముట్టకుండా వెళ్ళిపోయింది.

గూడెంలో పసరు నూరి, రోజూ వాడి కంటికి కట్టు కట్టింది. కట్టు కట్టినప్పుడల్లా రాజును తిట్టింది, వర్తకుణ్ణి తిట్టింది, వాళ్ళిద్దరి కంటే ఎక్కువగా తనను తాను తిట్టుకుంది. "నా చేత్తో నడిపించాను," అనేది. పెద్దోడు ఆమె మోకాలి మీద తల పెట్టుకుని వినేవాడు.

ఏడాది తిరిగింది. రాజు దగ్గర నుంచి ఒక దూత వచ్చాడు.

"అమ్మా, మహారాజుగారు ఎలుగును రాజబంధువుగా ప్రకటించారు. రాజుగారూ ఎలుగూ కౌగిలించుకున్నట్టు నగరం నడిబొడ్డున శిలావిగ్రహం చెక్కిస్తున్నారు. మీరు వచ్చి పక్కన నిలబడాలట."

"రెండు కళ్ళతో చెక్కుతున్నారా, ఒంటికన్నుతోనా?" అని అడిగింది బయ్యమ్మ.

దూత తలపాగా సర్దుకున్నాడు. "రెండు కళ్ళతోనే. చూడ్డానికి బాగుంటుందని..."

"ఒక కన్ను పొడిచి చెక్కమను. కాలిన వీపు చెక్కమను. కాగడా పట్టమన్నది ఎవరో కింద రాయమను. అప్పుడు వస్తాను."

దూత వెళ్ళిపోయాడు. రాజు ఆ విగ్రహం చెక్కించలేదు. తెచ్చిన బండను కోటగోడలో పెట్టి కట్టేశారు. నిజం రాయడానికి వాళ్ళకు రాయి దొరకలేదు. అందుకే ఇది నోటి మాటగానే మన దాకా వచ్చింది. మీరు కూడా, రాజు చివరికి మారిపోయాడనీ, అందరూ కలిసిపోయారనీ తీపి కలిపి చెప్పకండి. ఒంటికన్ను ఒంటికన్నుగానే చెప్పండి.

నీతి: నమ్మినవాణ్ణి ఆటబొమ్మను చేసినవాడికి, ఆపదవేళ నమ్మదగినవాడు ఒక్కడూ మిగలడు.