పోలమ్మ మోకాళ్ళ పరీక్ష

మా వీధిలో తెలివైనవాళ్ళు ముగ్గురే ముగ్గురని కూర్మయ్య అంటాడు. తనొకడు, తమ్ముడు గవరయ్య ఒకడు, తన పెళ్ళాం నూకాలు ఒకతి. మరి మీ అమ్మ పోలమ్మ సంగతేమిటని ఎవరో అడిగితే, "మాకొచ్చిన తెలివంతా ఆవిడదే కదా, ఇంకా ఆవిడ దగ్గర ఎక్కడుంటాది" అన్నాడు. ఎవరేం చెబితే అది చెప్పింది చెప్పినట్టు చేస్తారు వాళ్ళు. మిగతా ఊరికి ఆ బుద్ధి లేదని వాళ్ళకు చాలా జాలి.

పోలమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు పట్టేశాయి. ఆవిడ కోరిక ఒక్కటే. మధ్యాహ్నం పూట ఆరిళ్ళ అవతలున్న ముత్యాలమ్మ అరుగు మీదికి తనంతట తాను వెళ్ళి, కోడలి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. కొడుకులు రోజూ మంచం మీద మోసుకెళ్తూనే ఉన్నారు. కానీ దించాక చెరో పక్కన నిలబడి వింటారు. నూకాలు గొడుగు పట్టుకుని మంచం వెనకే వస్తుంది. ఇంకేముంది, నాలుగు నెలలుగా ఆ మాటలన్నీ పోలమ్మ కడుపులోనే ఉండిపోయాయి.

ఒక మంగళవారం ఆవిణ్ణి పక్కూరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నర్సమ్మ ఒక కాగితం ఇచ్చింది. "మామ్మ ఇంట్లో ఏం చేసుకోగలదో, ఏం చేసుకోలేదో చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి తీసుకురండి బాబూ. దాన్నిబట్టి పట్టుకు నడిచే స్టాండు ఇస్తాం."

దారిలో గవరయ్య కాగితం చదివాడు. "అన్నా, ఇవన్నీ ప్రశ్నలే."

"ప్రశ్నలంటే పరీక్ష. స్టాండు బహుమతి. ఫస్టు వచ్చినోళ్ళకే ఇస్తారు" అన్నాడు కూర్మయ్య. "మనింట్లో ఇంతవరకూ ఎవరూ పరీక్ష తప్పలేదు."

ఎవరూ రాయలేదు కాబట్టి అది నిజమే.

అలాగని వాళ్ళు అబద్ధం రాసే మనుషులు కాదు. చేయగలదు అని రాయాలంటే పోలమ్మ చేసి తీరాలి. అంతే.

మొదటి ప్రశ్న, ఎవరి సాయమూ లేకుండా పది మెట్లు ఎక్కగలరా అని. వాళ్ళింటికి ఉన్నవి రెండు. కూర్మయ్య తాపీమేస్త్రీ కాబట్టి మూడు రోజుల్లో పెరట్లో పది మెట్లు కట్టేశాడు. అవి ఎక్కడికీ వెళ్ళవు, పదో మెట్టు దగ్గర ఆగిపోతాయి. సాయం చేయకూడదు కనక ముగ్గురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. పోలమ్మ ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి పైకి చేరింది.

"ఒరే, ఇప్పుడు దిగడమెలాగరా?"

గవరయ్య కాగితం తిరగేసి చూశాడు. "అది అడగలేదమ్మా."

అంతే. పోలమ్మ అక్కడే ఉండిపోయింది. అన్నం గిన్నె కర్రకు కట్టి పైకి అందించారు. తనంతట తాను తినగలరా అన్న ప్రశ్నకు దాంతో టిక్కు పడిపోయింది.

తరవాతది, ఒంటరిగా స్నానం చేయగలరా అని.

"అత్త కూర్చున్న చోటి నుంచి ఊరంతా కనిపిస్తాది" అంది నూకాలు. "ఊరంతా ఉంటే ఒంటరెలా అవుతాది?"

ఇంకేముంది, గవరయ్య డప్పు కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగాడు. పోలమ్మ స్నానం అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ ఉండకూడదన్నాడు. వాళ్ళతో వాదించడం కన్నా పొలానికి పోవడం సులువు. నేనూ మా గేదెను తోలుకుని పోయాను.

ఆఖరి ప్రశ్న, ఈ నెలలో ఎన్నిసార్లు పడ్డారు అని.

"సున్నా" అంది పోలమ్మ పైనుంచి.

"సున్నా వస్తే తప్పినట్టే. పదికి పది కావాలి. పడమ్మా."

"నేను పడనురా. కావాలంటే మీరు పడండి."

తల్లి మాట. అన్నదమ్ములు చెరో ఐదుసార్లు పదో మెట్టు మీంచి పడ్డారు. నూకాలు కింద నిలబడి లెక్కపెట్టింది. కూర్మయ్య మణికట్టు బెణికింది. గవరయ్య ముక్కు వంకాయంత అయింది.

మళ్ళీ మంగళవారం తల్లిని దించి మంచం మీద తీసుకెళ్ళారు. నర్సమ్మ కాగితం చదివింది.

"మామ్మ పది మెట్లెక్కిందా?"

"పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కిందండి."

"పదిసార్లు పడిందా?"

"పడింది మేమండి. పేరు మాత్రం అమ్మది."

నర్సమ్మ గవరయ్య ముక్కు వైపు కాసేపు చూసింది. పోలమ్మ చేత రెండడుగులు వేయించి, ఇంకేమీ అడక్కుండా లోపల్నుంచి స్టాండు తెచ్చి ఇచ్చింది. "నాలుగు కాళ్ళూ నేలకు గట్టిగా ఆనాకే అడుగు వేయించండి. అది కదులుతుంటే మామ్మ పడుతుంది" అంది.

ఫస్టు వచ్చామని వీధంతా చెప్పుకున్నారు. ఆ సాయంత్రం కూర్మయ్య మా ఇంటికొచ్చి అర సంచీ సిమెంటు అడిగాడు. ఎందుకని అడక్కుండా ఇచ్చాను. ఆ తప్పు నాదే. వాకిట్లో నాలుగు గుంటలు తీసి, స్టాండు కాళ్ళు నాలుగూ అందులో దించి, సిమెంటు పోసేశాడు.

మర్నాడు పోలమ్మ దాన్ని పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు.

"గట్టిగానే ఉందిరా. మరి ముత్యాలమ్మ అరుగుకి నేను పోయేదెలా?"

ముగ్గురూ ఆలోచించారు. పోలమ్మే తేల్చింది. "ఇది కదలదు కదా. ఆ అరుగే ఇక్కడికి తెచ్చేయండి."

అంతే. గునపాలు పట్టుకుని వెళ్ళారు. ముత్యాలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "కాస్త లే పెద్దమ్మా" అన్నాడు గవరయ్య. ఆవిడ లేచింది. పొద్దు వాలేలోగా అరుగు రాళ్ళన్నీ మోసుకొచ్చి స్టాండుకు ఎదురుగా పేర్చేశారు. ముత్యాలమ్మ పిక్కల చేట పట్టుకుని తన వాకిట్లోనే నిలబడి ఉంది. ఆవిణ్ణి కూడా తెమ్మని ఎవరూ చెప్పలేదు.

స్టాండు ఉంది కదా, ఇక మన పనేముందని కొడుకులు వెళ్ళిపోయారు. అరుగు ఖాళీగా ఉంటే బాగుండదని నూకాలు వచ్చి కూర్చుంది.

"చెప్పత్తా."

పోలమ్మ అటూ ఇటూ చూసింది. కొడుకులు లేరు. గొంతు తగ్గించింది.

"మా కోడలుంది చూశావూ..."

"ఆఁ."

"పొద్దెక్కేదాకా లేవదు. నా వక్కల డబ్బాకి తాళమేసి పుట్టింటికి పోతాది."

నాలుగు నెలల మాటలూ చెప్పుకుంది. నూకాలు బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది. మధ్యలో రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది.

"అలాంటిదాంతో ఎలా వేగుతున్నావత్తా" అంది ఆఖరికి. "రేపు దాన్ని నేనడుగుతాను."

"అడుగు. నేను చెప్పానని మాత్రం దానితో అనకు."

"అననులే" అంది నూకాలు.