రాజుగారి అడ్డకర్ర

వేములకొండ అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే ఉద్దండవర్మకు యుద్ధమంటే భయం లేదు గానీ నిద్రంటే మహా భయం. కత్తి పట్టుకుని ఎదురొచ్చేవాణ్ణి చూసుకోవచ్చు, కళ్ళు మూసుకున్నాక వచ్చేవాణ్ణి ఎవడు చూసుకుంటాడని ఆయన వాదన. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన తాతగారు పడకమీదే పోయారు. జబ్బుతో కాదు.

అందుకని ఆయన ఒక అడ్డకర్ర చేయించుకున్నాడు. మనిషెత్తు టేకుకర్ర, కింద నేలను కరుచుకునే ఇనుప మొన, పైన తలుపు కడియం కింద ఇమిడే వెండి పంగ. తలుపు మూసి లోపలి నుంచి దాన్ని ఏటవాలుగా ఆనించారంటే, బయట పదిమంది భుజాలు ఆనించి తోసినా రెక్క కదలదు. సామంతుల ఇళ్ళకు వెళ్ళినా, వేటకు వెళ్ళి విడిదిలో దిగినా కర్ర వెంట రావాల్సిందే. జనం దాన్ని అడ్డకర్ర అనేవారు. ఆస్థానంలో అలా అంటే తప్పు. అక్కడ దాని పేరు ద్వారదండం. దానికో పల్లకి, పల్లకికి గొడుగు, గొడుగు ముందు బాకా. అది వస్తుంటే సామంతులు లేచి నిలబడాలి. భక్తి ముదిరిన ఒకరిద్దరు దానికి హారతి కూడా పట్టేవారు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా వంశాచారంతో వచ్చింది. వేములకొండ రాజులు సేవకులు చేసే పని తమ చేత్తో చేయరు. చెప్పులు తొడుక్కోరు, దీపం కొండెక్కించరు, తలుపు వేసుకోరు. మరి కర్ర ఎవరు పెట్టాలి? వీరమల్లు పెట్టాలి. రాజుగారిని చిన్నప్పుడు భుజాలమీద ఎక్కించుకుని తిప్పిన ముసలి సేవకుడు అతను. సరే, మల్లు లోపలినుంచి కర్ర బిగించాడు. బిగించాక గదిలో రాజుగారు తప్ప మరో ప్రాణి ఉండకూడదు. మరి మల్లు బయటికి ఎలా రావాలి?

కిటికీలోంచి.

నవ్వకండి. రోజూ అదే జరిగేది. మల్లు కర్ర బిగించి, రాజుగారికి దణ్ణం పెట్టి, కిటికీ ఎక్కి అవతలికి దూకి, రెక్కలు దగ్గరగా చేరవేసి పోయేవాడు. రాజుగారు నిద్రలేచి చప్పట్లు కొడితే మళ్ళీ కిటికీ ఎక్కి లోపలికి వచ్చి కర్ర తీసేవాడు. వయసులో ఉన్నప్పుడు ఒక్క గెంతులో అవతల పడేవాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, మూలుగుతూ జారేవాడు. అంతఃపురంలో అందరికీ అలవాటైపోయి, అందులో వింతేమిటో ఎవరికీ తట్టలేదు.

ఇలా ఉండగా ఎవడో దొంగ రాణివాసం కిటికీ పట్టుకుని వేలాడాడని ఉద్దండవర్మ మండిపడి శాసనం చేశాడు. రాజకుటుంబం నిద్రించే గది కిటికీ దాటినవాడికీ, దాటించినవాడికీ తల తీయడమే శిక్ష అని. దాన్ని ఊరూరా దండోరా వేయించారు. మల్లు కూడా విన్నాడు. విని, ఆ మధ్యాహ్నం కూడా ఎప్పటిలాగే కిటికీ దూకి తన పనికి తాను పోయాడు.

ఆ తర్వాత రాజుగారు సామంతుడు గోపానాయకుడి కోటకు విందుకు వెళ్ళారు. పనసపొట్టు కూర, పులిహోర, నేతిలో తేలే బూరెలు. మధ్యాహ్నానికి ఆయన కళ్ళు వాటంతట అవే మూతపడ్డాయి. మల్లు విడిది గదిలో కర్ర బిగించాడు, దణ్ణం పెట్టాడు, కిటికీ వైపు నడిచాడు. రాజుగారు అంతవరకే చూశారు.

“దొంగ! దొంగ! పట్టుకోండి!”

ఉద్దండవర్మ మంచంమీద లేచి కూర్చున్నాడు. బయట పరుగులు, కేకలు. కిటికీ అవతలి నుంచి తన సేనాపతి ముద్దప్ప గొంతు వినిపించింది.

“ప్రభూ! తమరు క్షేమమేనా? తమరు నిద్రపోతుండగా ఒకడు తమ కిటికీలోంచి దూకబోయాడు! కోట కావలివాళ్ళు పట్టుకున్నారు!”

“మా గదిలోంచా? మేము పడుకున్న గదిలోంచా?”

“అవును ప్రభూ. ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా పట్టుకున్నారట.”

“తల తీయండి!” అని అరిచాడు రాజు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. “మా ఎదుటే తీయాలి. ఇదిగో, వస్తున్నాం!” అని చప్పట్లు కొట్టాడు.

ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాడు. “మల్లూ! ఒరేయ్ మల్లూ!”

“వాడు రాలేడు ప్రభూ,” అన్నాడు ముద్దప్ప. “స్తంభానికి కట్టేసి ఉంచారు. తమరు తల తీయమన్నది వాడిదే.”

ఉద్దండవర్మ అదిరిపడి, “ఓరి మూర్ఖుడా, వాడు రోజూ దూకుతాడని నీకు తెలియదా?” అన్నాడు.

“తెలుసు ప్రభూ. కానీ ఇక్కడి కావలివాళ్ళకు తెలియదు, వాళ్ళకు శాసనమే తెలుసు. నేను శాసనమంతా మననం చేసి చూశాను. వీరమల్లు తప్ప అని ఎక్కడా లేదు. పైగా తమరి నోటివెంట మాట కూడా వచ్చేసింది. గోపానాయకుడూ, ఆయన మనుషులూ అందరూ విన్నారు.”

అదే ఆయన్ని కుంగదీసింది. సామంతుడి వాకిట్లో అన్న మాట సామంతుడి వాకిట్లోనే వెనక్కి తీసుకుంటే, రేపట్నుంచి తన మాటకు విలువేముంటుంది? అలాగని మల్లు తల తీయించడమా? తనకు ఈత నేర్పినవాడు, జ్వరం వస్తే మంచం పక్కనే నేలమీద పడుకున్నవాడు. అయ్యో, ఎంత పని చేశాను అనుకున్నాడు. ఎవరైనా వచ్చి క్షమించమని తనను బతిమాలితే బాగుండునని కూడా అనుకున్నాడు. తానుగా క్షమించడానికి మాత్రం నోరు పెగల్లేదు.

కిటికీ అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. “ప్రభూ, నేను, కాచన్నను.”

కాచన్న ఆస్థానంలో చమత్కారి. ఎన్ని చీవాట్లు తిన్నా కొలువు మానడు. రాజుగారికి ఎంత కోపమొచ్చినా అతన్ని మాన్పించలేరు.

“దోషిని చూసి వస్తున్నాను,” అన్నాడు కాచన్న.

“ఏమన్నాడు? ప్రాణభిక్ష అడిగాడా?”

“లేదు ప్రభూ. దొర లేచినట్టున్నాడు, కర్ర తీసేవాడు లేడు, నన్నొక్కసారి విప్పండయ్యా, తీసొచ్చి మళ్ళీ కట్టించుకుంటానన్నాడు.”

ఉద్దండవర్మ ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు. పైకి మాత్రం, “ఊఁ” అన్నాడు.

“మరో సంగతి కూడా బయటపడింది. వాడంతట వాడు కిటికీ దాటలేదు ప్రభూ. వాణ్ణి దాటించినవాడు వేరే ఉన్నాడు.”

రాజు ఒక్క ఉదుటున లేచాడు. “ఏమిటీ! ఎవడు వాడు?”

“చెప్పడానికి భయంగా ఉంది. పెద్దమనిషి. పేరు వింటే తమరు మొహమాటపడతారేమో.”

“మాకు మొహమాటమా? వాడు ఎంతటివాడైనా సరే!” రాజుగారికి ఆ కోపం వెనక ప్రాణం లేచి వచ్చినట్టయింది. మల్లు తప్పును మోయడానికి మరో తల దొరికింది మరి. “మోకాళ్ళు వంగని ముసలివాడి చేత కిటికీలు ఎక్కించిన నీచుడు ఎవడో వాడే అసలు దోషి! మల్లు చేసిందేముంది, చెప్పిన పని చేశాడు. మల్లును విప్పండి. తల వాడిది తీయండి!”

“ఇది రాజాజ్ఞేనా ప్రభూ?”

“రాజాజ్ఞే!”

“ముద్దప్పగారూ, విన్నారుగా? గోపానాయకా, తమరూ విన్నారుగా?”

విన్నామన్నారు ఇద్దరూ. మల్లు కట్లు విప్పుతున్న సందడి లోపలికి వినిపించింది. రాజుగారు నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఇప్పుడు చెప్పు. ఎక్కడ నక్కాడు ఆ ద్రోహి?”

కాచన్న గొంతు బాగా తగ్గించాడు. “అదే ప్రభూ నా భయం. తమరి గదిలోనే ఉన్నాడు. ఇంకా బయటికి రాలేదు.”

ఉద్దండవర్మ వెనక్కి తిరిగి చూశాడు. మూలన పెద్ద భోషాణం ఉంది. గోడవారన బరువైన తెర వేలాడుతోంది. మంచం కింద చీకటిగా ఉంది. అక్కడేదో కదిలింది. నిజానికి అది ఆయన ఉత్తరీయం కొంగే. కానీ ఆ క్షణంలో ఆయనకు తాతగారు కనిపించారు.

“అమ్మో!” అంటూ తలుపు దగ్గరికి పరిగెత్తాడు. వంశం గుర్తు రాలేదు, ఆచారం గుర్తు రాలేదు. రెండు చేతులా కర్ర పట్టుకుని లాగాడు. రాలేదు. గుంజాడు. రాలేదు. చివరికి దాని మొదట్లో కాలితో ఒక్క తన్ను తన్నాడు. కర్ర ఊడి వచ్చింది. తలుపు బార్లా తెరిచి, కర్ర ఎత్తిపట్టుకుని, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేని కాళ్ళతో వాకిట్లోకి వచ్చి పడ్డాడు.

వాకిలంతా కొయ్యబారిపోయింది. ముద్దప్ప చూడరానిది చూసినట్టు కళ్ళు మూసుకున్నాడు. బాకా ఊదేవాడు ఊదాలో మానాలో తెలియక, మధ్యలో ఆపేశాడు.

“లోపలున్నాడు! వెళ్ళండి! పట్టుకోండి!” అని రాజుగారు కేకలు వేశాడు.

కావలివాళ్ళు లోపలికి ఉరికారు. భోషాణం తెరిచారు, తెర దులిపారు, మంచం ఎత్తి చూశారు. తిరిగి వచ్చి తలలు అడ్డంగా ఊపారు. “ఎవరూ లేరు మహాప్రభో.”

“లేకపోవడమేమిటి? ఉన్నాడన్నావుగా కాచన్నా!”

“ఉన్నాడు ప్రభూ,” అన్నాడు కాచన్న చేతులు కట్టుకుని. “ఇప్పుడే బయటికి వచ్చాడు. చేతిలో కర్ర కూడా ఉంది.”

ఉద్దండవర్మ అటూ ఇటూ చూశాడు. కర్ర పట్టుకున్నవాడు ఎవరూ కనిపించలేదు. అప్పుడు తన చేతివైపు చూసుకున్నాడు.

“నేనా?” అన్నాడు. ఆ క్షణాన ‘మేము’ అనడం కూడా మరిచిపోయాడు.

“రోజూ మల్లు చేత కిటికీ దాటిస్తున్నది ఇంకెవరైనా ఉంటే తమరే సెలవియ్యండి.”

ముద్దప్ప కత్తి పిడిమీద చేయి వేసి, గొణిగాడు. “శాసనంలో రాజుగారు తప్ప అని కూడా లేదే...”

“నీ శాసనం తగలెయ్య!” అని గర్జించాడు రాజు. ఆ తర్వాత కాచన్న మీదికి తిరిగాడు. “నన్నింత నవ్వులపాలు చేస్తావా? నా ప్రాణానికి కాపలా ఉన్న కర్రతోనే నాటకమాడతావా?”

కాచన్న మోకరిల్లాడు. “ప్రభూ, ఒక్కమాట అడిగి తల వంచుతాను. తలుపుకి కర్ర ఉంది. కిటికీ మాత్రం రోజూ చేరవేసే ఉంటోంది. దానికి కాపలా ఏది?”

“శాసనం ఉందిగా!”

“తమర్ని చంపడానికి వచ్చేవాడికి శాసనమంటే అంత భయముంటే, తలుపుకు మాత్రం కర్ర ఎందుకు ప్రభూ?”

రాజు మెల్లగా వెనక్కి తిరిగి గది కిటికీ చూశాడు. రెక్కలు గాలికి కొద్దిగా ఊగుతున్నాయి. ఇన్నేళ్ళుగా తాను పడుకున్న గదులన్నీ గుర్తుకొచ్చాయి, వాటి కిటికీలన్నీ గుర్తుకొచ్చాయి. అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళూ తాను బతికి ఉన్నది కర్రవల్ల కాదని, తనను చంపాలని ఎవరికీ తోచకపోవడంవల్లేనని అర్థమైంది.

ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని ముద్దప్ప కంగారుపడ్డాడు. కాదు, నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి కాచన్న మెడలో వేశాడు. కిటికీ శాసనం రద్దు చేశాడు. ఆ తర్వాత మల్లును దగ్గరికి పిలిచాడు.

తాడు ఒరుసుకుపోయి మల్లు ముంజేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. రాజుగారు వాటిని చూసి చూపు తిప్పుకున్నాడు.

“మల్లూ, తప్పు చేశాను. నీకేం కావాలో అడుగు. ఏదడిగినా ఇస్తాను.”

అందరూ మాన్యం అడుగుతాడనుకున్నారు.

“ఏమీ అనుకోకపోతే ఒక్కటి దొరా,” అన్నాడు. “కర్ర పెట్టడానికి తమరి గదిలోకి తలుపులోంచే వస్తన్నా. ఇంక పోయేటప్పుడు కూడా తలుపులోంచే పోనియ్యండి.”

రాజుగారి నవ్వు ఆగిపోయింది. లేచాడు. మల్లు భుజంమీద చేయి వేసి గదిలోకి తీసుకెళ్ళాడు. కాసేపటికి మల్లు ఒక్కడే, ఎవరూ తరమకుండా, ఏమీ దూకకుండా, గడప దాటి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. అతని వెనక తలుపు మూసుకుంది. మూసింది రాజుగారే.

లోపల కర్ర నేలమీద పడిన చప్పుడైంది. ఎత్తిన చప్పుడు. మళ్ళీ పడిన చప్పుడు. ముద్దప్ప సాయానికి పరిగెత్తబోతే కాచన్న చేయి పట్టుకుని ఆపాడు.

మల్లు తలుపుకి చెవి ఆనించాడు. “మొదలు కాస్త ఎనక్కి జరపండి దొరా. ఇంకాస్త. ఆఁ, ఇప్పుడు పైన పంగ కడియం కిందకి తొయ్యండి.”

ఈసారి కర్ర పడలేదు. మల్లు భుజంతో తలుపు తోసి చూశాడు. కదల్లేదు.

“బిగిసింది దొరా! హాయిగా పడుకోండి,” అన్నాడు.

లోపలినుంచి రాజుగారి నవ్వు వినిపించింది. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, కిటికీ గడియ పడింది.