కనుమలో మూడు బండలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కొండ. కొండ మీద సంత, కొండ కింద సరుకు. రెండింటికీ మధ్య మెలికలు తిరిగిన కనుమ దారి.

కాళ్ళు ముడుచుకుని కూర్చోండి పిల్లలూ. మధ్యలో లేచిపోయిన వాళ్ళకి మళ్ళీ మొదటినుంచి చెప్పేది లేదు.

ఆ అడవిలో ఒక నక్క ఉండేది. పేరు వీరాసామి. పెద్ద వ్యాపారి. తేనె కుండలు, చింతపండు బుట్టలు, కుంకుడుకాయల మూటలు కొండ మీది సంతకు పంపేవాడు. మోసేది మాత్రం గాడిదలు. పన్నెండు గాడిదలు. వాటిల్లో పెద్దది పోలమ్మ. పోలమ్మకు చదువు రాదు. కానీ ఒకసారి విన్న మాట మరిచిపోదు. ఒకసారి పడిన మాట అసలే మరిచిపోదు.

ఆ కనుమ దారిలో మూడు బండలు ఉండేవి. మొదటి మలుపులో ఒకటి, రెండో మలుపులో ఒకటి, మూడో మలుపులో ఒకటి. సరిగ్గా గాడిద వీపంత ఎత్తు. పక్కన నిలబడి వీపు వాలిస్తే మూట బండ మీదికి జారుతుంది. ఊపిరి కుదురుకున్నాక మళ్ళీ వీపు ఆనిస్తే మూట ఎక్కుతుంది. ఒకరి సాయం అక్కర్లేదు.

ఆ బండలు ఊరికే రాలేదు. అవి లేని రోజుల్లో పోలమ్మ వాళ్ళన్న రెండో మలుపులో మోకాళ్ళ మీద కూలాడు. మూట వీపు మీద ఉండగానే ప్రాణం పోయింది. ఆ తరవాతే బండలు వేశారు. ఆ సంగతి అందరూ మరిచారు. పోలమ్మ మరవలేదు.

ఇక ఆ అడవిలో చట్టాలు ఎలా చేసేవాళ్ళో చెబుతాను. ఇది బాగా వినండి, కథంతా ఇక్కడే ఉంది.

అడవికి ఒక పెద్ద సభ. అందులో నూటొక్క జంతువులు. అందరూ ఒకేసారి అరుస్తారు, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని ఏ చట్టం వచ్చినా ముందు ఒక చిన్న సంఘానికి పంపుతారు. వ్యాపారం సంగతులు, పనివాళ్ళ సంగతులు చూసే సంఘంలో ముగ్గురు. తాబేలు కూర్మయ్య పెద్ద. ఎలుగుబంటి ఒకటి. నెమలి ఒకటి. ఇప్పచెట్టు కింద, మిట్టమధ్యాహ్నం, తీరిగ్గా కూర్చుంటారు. చట్టంలో ఒక్కో షరతు ఒక్కో టేకాకు మీద రాసి ఉంటుంది. కాకి చదువుతుంది. చదివి, "అభ్యంతరం ఉన్నవాళ్ళు ఉన్నారా?" అని మూడుసార్లు అడుగుతుంది. ఎవరూ పలకకపోతే ముగ్గురూ ఎర్రమట్టి జాజులో కాలు ముంచి ఆకు మీద ముద్ర వేస్తారు. ముద్ర పడిన ఆకుకు పెద్ద సభ తల ఊపుతుంది. అంతే, చట్టం.

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ చెట్టు కింద అది పూర్తి అంగీకారం.

ఒకనాడు వీరాసామి మూడు ఆకుల చట్టం ఒకటి తెచ్చాడు. పేరు "కనుమ బాగు చట్టం". రోజుకొక ఆకు.

మొదటి రోజు కాకి చదివింది. "కనుమ దారిలో ముళ్ళు ఏరించాలి." మూడుసార్లు అడిగింది. పలికేవాళ్ళు లేరు. ఎలా ఉంటారు? ఆ వేళకి గాడిదలన్నీ కనుమలో మూటల కింద ఉన్నాయి. ముద్ర పడింది.

రెండో రోజు చదివింది. "కొండ కింద నీళ్ళ తొట్టి కట్టించాలి." మళ్ళీ ఎవరూ లేరు. ముద్ర పడింది.

సాయంత్రం గాడిదలు దిగి వచ్చేసరికి వీరాసామి ఎదురొచ్చాడు. తోక ఊపుతూ, "చూశావా పోలమ్మక్కా! మీకోసం ముళ్ళు తీయిస్తున్నా. నీళ్ళ తొట్టి కట్టిస్తున్నా. నన్ను నక్క అని తిడతారు గానీ, మీ కడుపు చూసేది నేనే కదా," అన్నాడు.

గాడిదలు సంతోషపడ్డాయి. పోలమ్మ మాత్రం అడిగింది. "మూడో ఆకులో ఏముంది నాయనా?"

"అదా? దారి సంగతేలే. చిన్న మాట."

"చిన్న మాటైతే ఇప్పుడే చెప్పు."

వీరాసామి దగ్గాడు. పనుందని వెళ్ళిపోయాడు.

కానీ ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. మర్నాడు చదవబోయే ఆకును కాకి ముందురోజు పొద్దుగూకే వేళకి చెట్టు చెట్టుకూ తిరిగి చాటాలి. కాకి వచ్చి గాడిదల పాక మీద వాలింది. గబగబా అరిచింది. "మూడో ఆకు! కనుమలో బండలు తీసేయాలి! కింద ఎక్కిన మూట కొండ మీదే దిగాలి! మధ్యలో ఆగిన గాడిదకు ఆ పూట మేత లేదు!"

నములుతున్న గడ్డి వదిలేసి గాడిదలన్నీ పోలమ్మ చుట్టూ చేరాయి.

నాగులు అని ఒక పడుచు గాడిద. నిండు చూలాలు. ఈ నెలో పై నెలో ఈనాలి. అది మెల్లగా అంది. "అక్కా, మూడో మలుపు దాకా నేను ఆగకుండా ఎక్కలేను. కడుపులోది నిలవదు."

"ఎక్కవద్దు," అంది పోలమ్మ.

"మేత ఆపేస్తారట కదా. తినకపోయినా నిలవదు."

పోలమ్మ కనుమలోని బండల వైపు చూస్తూ నిలబడింది.

మర్నాడు వీరాసామి పోలమ్మను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"అక్కా, నువ్వు పెద్దదానివి. నీకోసం రెండో బండ ఉంచేస్తా. నువ్వొక్కదానివే వాడుకో. మిగతా వాళ్ళతో ఏం అనకు. పక్క అడవి సరుకు మనకన్నా ముందు సంతకు చేరుతోంది. వ్యాపారం పోతే నీకు మేత, నాకు కూడు రెండూ పోతాయి. అర్థం చేసుకో."

పోలమ్మ ఆలోచించింది. రెండో బండ. అన్న పడిన చోటు. ఒక్క మాట మింగితే ఆ బండ తనదే.

"వీరాసామీ," అంది, "పన్నెండు మందికి వేసిన బండను ఒక్కదానికి ఇస్తే అది బండ కాదు, గడ్డి చూపించి కట్టిన పలుపు. నాకు వద్దు."

"మరి నోరు మూసుకుని ఎక్కు!"

"ఎక్కుతా. ఎంతవరకు ఎక్కాలో నేను చూసుకుంటా."

మూట ఎక్కింది. రెండు తేనె కుండలు, మీద చింతపండు బుట్ట. పోలమ్మ మొదటి బండ దాకా నడిచింది. ఎండ నడినెత్తికి వస్తోంది. అక్కడ ఆగి, మూట దించకుండానే వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి అక్కా?" అన్నాయి గాడిదలు.

"ఇప్పచెట్టు కిందికి."

"మూట చేరకపోతే మేత పోతుంది! పస్తు పడుకుంటావు!"

"పడుకుంటా. పస్తు నాకు కొత్తా?"

"నేనూ వస్తా," అంది నాగులు.

"నువ్వు కదిలావంటే ఊరుకోను. మూట దించి ఆ బండకు ఆనుకుని నిలబడు. ఉన్నన్నాళ్ళూ వాడుకో."

ఇప్పచెట్టు కింద కాకి మూడో ఆకు చదివింది. "అభ్యంతరం ఉన్నవాళ్ళు ఉన్నారా?" ఎవరూ లేరు. ఎలుగుబంటి రాలిన ఇప్పపువ్వు ఒకటి నోట్లో వేసుకుంది. "అభ్యంతరం ఉన్నవాళ్ళు ఉన్నారా?" ఎవరూ లేరు. నెమలి అప్పుడే జాజులో కాలు ముంచింది. వీరాసామి మీసం సర్దుకున్నాడు.

"అభ్యంతరం ఉన్నవాళ్ళు..."

"ఉన్నాను!"

అడవి అదిరింది. గాడిద గొంతు కదా మరి. నెమలి ఉలిక్కిపడి జాజు ఒలకబోసుకుంది.

"అబ్బ! ఏం గొంతు తల్లీ, చెవులు చిల్లులు పడ్డాయి," అంది నెమలి.

"నీ నాట్యానికి తాళం వేయడానికి రాలేదమ్మా. నా మాట చెప్పడానికి వచ్చాను. వినడానికే కదా మీరు కూర్చుంది?"

కూర్మయ్య తల బయటపెట్టాడు. "రెండు రోజులు రానిదానివి ఈ రోజు వచ్చావేం? ఎవరూ రాకపోతే ఎవరికీ బాధ లేదనుకున్నాం."

"రాలేదు కాదయ్యా. మేము రాలేని వేళ చూసి మీరు కూర్చున్నారు. మిట్టమధ్యాహ్నం మేము ఎక్కడుంటామో ఈ అడవిలో పిట్టకు కూడా తెలుసు."

కూర్మయ్య తల కాస్త లోపలికి తీసుకున్నాడు. మళ్ళీ బయటపెట్టాడు. "సరే. కానీ బరువు మోయడం అంత కష్టమా? నేను పుట్టినప్పటినుంచి ఈ డొప్ప మోస్తున్నాను. ఏ బండ మీదా దించలేదే."

"నీ డొప్ప నీ ఇల్లు కూర్మయ్యా. అలిసిపోతే అందులోకి దూరి పడుకుంటావు. నా వీపు మీది తేనె కుండలోకి నేను దూరగలనా?"

ఎలుగుబంటి పకపకా నవ్వింది. కూర్మయ్య నవ్వలేదు.

వీరాసామి ముందుకొచ్చాడు. "అయ్యలారా, ఇవన్నీ కబుర్లు. పక్క అడవి సరుకు ముందు చేరుతోంది. మనది ఆలస్యం. ఆ ఆలస్యం ఆ బండల దగ్గరే."

"అవునా?" అంది పోలమ్మ. "నాకు చదువు రాదు గానీ ఊపిర్లు లెక్కపెట్టుకోవడం వచ్చు. ఒక్కో బండ దగ్గర నలభై ఊపిర్లు నిలబడతాం. మూడింటికీ కలిపి నూట ఇరవై. ఈ ఎలుగు ఒక తేనెపట్టు నాకేసేలోగా అవి అయిపోతాయి. ఇక వీరాసామి సంగతి వినండి. మేము కోడి కూయగానే వచ్చి అతని గోదాం ముందు నిలబడతాం. అతను బారెడు పొద్దెక్కాక తలుపు తీస్తాడు. అప్పటికి పక్క అడవి సరుకు సగం కొండ ఎక్కేస్తుంది. ఆలస్యం బండ దగ్గర లేదు, అతని పడక దగ్గర ఉంది!"

"అబద్ధం!" అన్నాడు వీరాసామి.

"అబద్ధమైతే అబద్ధమే. ఆ కాకిని అడగండి. తెల్లారే లేచేది అది."

అందరూ కాకి వైపు చూశారు. కాకి గొంతు సవరించుకుంది. "నేను ఆకులు చదివేదాన్ని. నన్ను అడక్కండి... బారెడు పొద్దెక్కాకే," అంది.

"ఇంకొక్క మాట," అంది పోలమ్మ. "కాలు ముద్ర వేయబోయే ముందు ఆ కాలుతో ఒకసారి కనుమ ఎక్కి చూడండి. మూట సగమే ఇస్తాను. ఎక్కకుండా ముద్ర వేసేవాళ్ళ మాట నేను ఒప్పను. ఈ జన్మకు ఒప్పను."

నెమలి వెంటనే అంది. "నాకు పురి ఉంది. నలుగుతుంది."

కూర్మయ్య ఎలుగుబంటి వైపు తిరిగాడు. "ఎలుగూ, నువ్వు మోయి. నేను నీ వెనకే నడుస్తాను. నా అడుగు నిదానం, అన్నీ కనపడతాయి."

ఎలుగుబంటి ఒక తేనె కుండ ఎత్తుకుంది. దర్జాగా బయలుదేరింది. కొంతదూరం పాట పాడింది. తరవాత పాట ఆగింది. తరవాత నాలుక బయటికొచ్చింది. మొదటి మలుపు తిరగగానే, ఎవరూ చెప్పకుండానే, కుండ తీసుకెళ్ళి బండ మీద పెట్టింది.

వెనకే వచ్చిన పోలమ్మ అడిగింది. "ఎవరు దించమన్నారు?"

ఎలుగుబంటి రొప్పుతూ కుండ వైపు చూసింది, బండ వైపు చూసింది. "ఎవరూ అనలేదు," అంది. "ప్రాణమే దించేసింది."

బండకు అవతలివైపు నాగులు ఆనుకుని నిలబడి ఉంది. పెద్ద కడుపు. వీపు మీద పుండు. కూర్మయ్య దాని దగ్గర ఆగాడు. చూశాడు, అంతే. చూడాల్సింది కనపడితే అడగాల్సింది ఉండదు.

కింద చెట్టు దగ్గరికి వచ్చాక కూర్మయ్య మూడో ఆకును చించేశాడు. కొత్త ఆకు రాయించాడు. "మూడు బండలూ ఉండాలి. గోదాం కోడికూతకు తెరవాలి. పనివాళ్ళ సంగతి ఏదైనా సంత లేని రోజునే, వాళ్ళు రాగలిగిన వేళకే చదవాలి." కూర్మయ్య ముద్ర పడింది. ఎలుగుబంటి ముద్ర పడింది. నెమలి వేయలేదు. ముగ్గురిలో ఇద్దరిది చాలు. సాయంత్రానికి పెద్ద సభ తల ఊపింది.

వీరాసామి గొణుక్కుంటూ వెళ్ళాడు. కానీ మర్నాడు కోడి కూయగానే ఆవలిస్తూ తలుపు తీశాడు. ఆ రోజు అతని తేనె పక్క అడవి తేనె కన్నా ముందు సంతకు చేరింది. దానికి అతను పోలమ్మకు ఒక మంచి మాట చెప్పాడా? చెప్పలేదు. పోలమ్మ అది కూడా గుర్తుపెట్టుకుంది. ముద్ర వేయని నెమలి దారిలో ఎదురొస్తే పోలమ్మ ఇప్పటికీ పక్కకు జరగదు.

సంఘం దగ్గరికి వెళ్ళిన పూట పోలమ్మకు మేత దొరకలేదు. పస్తే పడుకుంది. పదకొండు గాడిదలూ తలా నోటెడు గడ్డి తెచ్చి ముందు పెడితే, "నేను అడిగానా?" అని కసిరింది. కసిరి, తింది.

పై నెలలో నాగులు ఈనింది. ఆడపిల్ల. కాళ్ళు నిలవగానే తల్లి వెంట కనుమ ఎక్కింది. రెండో మలుపు దగ్గర గంతులేస్తూ ముందుకు పోబోయింది.

"ఆగు," అంది పోలమ్మ.

"నా మీద మూట లేదుగా అవ్వా?"

"లేకపోయినా ఆగాలి. ఇది మా అన్న చోటు."

ఆ పిల్ల ఆగింది. నలభై ఊపిర్లు లెక్కపెట్టింది. తరవాత నడిచింది.

నీతి: నీ వీపు మీద పడే చట్టం నువ్వు లేని చోట తయారవుతుంటే, పూట మేత పోయినా సరే అక్కడికి వెళ్ళి నోరు విప్పు. నువ్వు పలకకపోతే నీ మౌనాన్నే నీ ఒప్పుదలగా రాసుకుంటారు.